ఐదుంపావుకి గేటు దగ్గర పిన్నిగారు

మా బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న లంచ్ టైంలో అడిగింది. "మేడమ్, రోజూ వాకింగ్‌కి ఎలా వెళ్తున్నారు? నాకైతే వారం తిరిగేసరికి ఇంటరెస్ట్ పోతోంది" అని. టిఫిన్ బాక్సు మూత పెట్టేలోపు చెప్పేసే జవాబు కాదది. ఏదో చెప్పాను కానీ సరిగ్గా చెప్పలేదనిపించి, ఆదివారం కూర్చుని ఇక్కడ రాస్తున్నాను.

నాకు 45 ఏళ్ళు. రాజమండ్రిలో ఉంటాం. బ్యాంకు ఉద్యోగం, అంటే పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా కుర్చీలోనే. 2021 సెప్టెంబరులో ఆఫీసు తరఫున చేయించిన చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ఇది తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, అది గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 కానీ ఆపైన కానీ ఉంటే షుగర్ వచ్చినట్టు, మధ్యలో ఉంటే గట్టు అంచున నిలబడినట్టు. ఆ కాగితం చూడగానే నాకు మా నాన్న కాలు గుర్తొచ్చింది. 22 ఏళ్ళు షుగర్‌తో బతికారు ఆయన, చివర్లో కాలి బొటనవేలు తీసేశారు, రోజూ ఉదయం అమ్మ వాకిట్లో పీట వేసుకుని ఆ కట్టు విప్పి కడిగి మళ్ళీ కట్టేది. ఆ డెటాల్ వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది. భయపడ్డాను, నిజంగా భయపడ్డాను.

కానీ ఒక మాట చెప్పాలి. భయం పది రోజులకి మించి పనిచేయదు.

మొదట జిమ్‌లో చేరాను. ఏడాదికి కడితే తగ్గుతుందంటే 12 వేలు ఒకేసారి కట్టేశాను. 19 రోజులు వెళ్ళాను. సాయంత్రం ఏడింటికి బ్యాంకు నుంచి అటే వెళ్ళాలని ప్లాన్. ఆ ఏడింటికే అబ్బాయి ట్యూషన్, ఆ ఏడింటికే కూర, ఆ ఏడింటికే అత్తయ్యగారి బీపీ మాత్ర. నెలాఖరు వచ్చింది, క్లోజింగ్ పనిలో నాలుగు రోజులు ఎనిమిదిన్నర అయింది, ఆ తర్వాత మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. రెండోసారి చేతికి వాచీ కొనుక్కున్నాను, రోజుకి 10 వేల అడుగులు. ఇదైతే 34 రోజులు వరసగా నడిచాను, ఆ 34 అనే అంకె వాచీలో చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో. తర్వాత వైరల్ జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నాను. లేచేసరికి అంకె సున్నా. ఆ సున్నా చూసి నాకు కలిగిన నీరసం జ్వరం నీరసం కంటే ఎక్కువ. వాచీ తీసి బీరువాలో పెట్టేశాను.

చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆ 10 వేలు అనే అంకె ఏ డాక్టర్లూ లెక్కగట్టి చెప్పింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రం అమ్మకానికి పెట్టి దానికి 'మాన్పో-కెయ్' అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. గుండ్రంగా, గుర్తుండేలా ఉన్న పేరు, ప్రపంచమంతా పాకిపోయింది. 10 వేలు నడిస్తే మంచిదే, కాదనను. 6 వేలు నడిచిన రోజున ఓడిపోయాననుకుని పడుకున్న రాత్రులు నావి ఎన్ని పోయాయో తలచుకుంటేనే బాధేస్తుంది.

మూడోసారి యూట్యూబ్ చూసి ఇంట్లో యోగా. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఆరు రోజులు.

ఇంక నా వల్ల కాదు, నాది ఆరంభశూరత్వం అని నిశ్చయించేసుకున్న రోజుల్లో, 2022 కార్తీకమాసంలో, ఎదురింటి పిన్నిగారు ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి మా గేటు దగ్గరకొచ్చారు. ఆవిడకి అప్పుడు 61. మోకాళ్ళ నొప్పులు. డాక్టరుగారు రోజూ నడవమన్నారట. "పొద్దున్నే గోదారి గట్టు మీద నడుద్దామనుంది అమ్మాయ్, మన వీధి చివర కుక్కలంటే భయం. ఓ నాలుగు రోజులు తోడొస్తావా?" అన్నారు.

నాలుగు రోజులే కదా అని సరేనన్నాను. మర్నాడు ఐదుంపావుకి, నేనింకా జడ వేసుకుంటుండగానే, ఎదురింటి గేటు గడియ తీసిన చప్పుడు. పాత ఇనప గడియ, కిర్రుమని లాగి టక్కున పడుతుంది. కిటికీలోంచి చూస్తే పిన్నిగారు చీర మీద స్వెటర్ వేసుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో ఒక సన్నటి వెదురు కర్ర పట్టుకుని వీధి దీపం కింద నిలబడ్డారు. పెద్దావిడని చీకట్లో అలా నిలబెట్టి మళ్ళీ దుప్పటి ఎలా కప్పుకుంటాం? పరుగెత్తాను.

ఇదే నా జవాబు. నా కోసం అయితే నేను లేవలేకపోయాను. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ నా కోసం లేవలేకపోయాను. ఆవిడ కోసం లేచాను, రేపు ఆవిడ అలా నిలబడి ఉంటారని లేచాను, అలా లేస్తూ లేస్తూ ఎప్పుడో తెలియకుండానే నా కోసం లేవడం మొదలైంది. వచ్చే కార్తీకానికి మూడేళ్ళు నిండుతాయి.

మోటివేషన్ అనే మాట అందరం వాడతాం, అదేదో లోపల ఉండే ఇంధనమని, కొందరికి ఎక్కువ ఇచ్చి కొందరికి తక్కువ ఇచ్చాడు దేవుడని అనుకుంటాం. నాకు ఇప్పుడు అలా అనిపించడం లేదు. పొద్దున్నే ఐదింటికి ఉత్సాహంగా ఉండేవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు, గట్టు మీద రోజూ కనిపించేవాళ్ళలో కూడా. అందరి మొహాలూ నిద్ర మొహాలే. ఉత్సాహం వచ్చేది నడిచిన పది నిమిషాలకి, కాళ్ళు వేడెక్కాక. అది వచ్చాక బయల్దేరదాం అని కూర్చుంటే ఎప్పటికీ రాదు. ఆ పది నిమిషాలు దాటించే మనిషి ఒకరు కావాలి, అంతే.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం రాస్తున్నాను ఇది. పొద్దున ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా మన ఇళ్ళల్లో టైం ఎవరిది? పాలు కాచాలి, కాఫీ పెట్టాలి, కుక్కర్ ఎక్కించాలి, బాక్సులు కట్టాలి, ఇవి కాక పూజ. ఈ పనులన్నీ అలాగే మన నెత్తిన ఉంచుకుని, వాటి మధ్యలో వ్యాయామం కూడా దూర్చుకోమంటే ఎవరికైనా వారానికే విసుగొస్తుంది. అది బద్ధకం కాదు. నేను చాలా ఏళ్ళు నన్ను నేను బద్ధకస్తురాలిననుకున్నాను, అదొక్కటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదటి రెండు వారాలు నాలుగింటికే లేచి కూర చేసేసి వెళ్ళాను. పదిహేనో రోజున క్యాష్ కౌంటర్ దగ్గర కళ్ళు మూతలు పడ్డాయి. ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను, "ఏమండీ, ఐదుంపావు నుంచి ఆరుంపావు దాకా నేను ఇంట్లో లేనట్టే లెక్క. ఆ గంట స్టవ్ బాధ్యత మీది" అని. గొడవ పడలేదు కానీ కాస్త మౌనం నడిచింది. అత్తయ్యగారైతే రెండు రోజులు, "పొద్దున్నే కాఫీ ఇచ్చే దిక్కు లేదు" అన్నారు. ఆవిడ బాధా నాకు అర్థమైంది, ముప్ఫై ఏళ్ళు ఆవిడ అందరికీ ఇచ్చారు, ఇప్పుడు ఆవిడకి ఇచ్చేవాళ్ళు బయటికి వెళ్ళిపోతున్నారు. రాత్రే డికాషన్ వేసి పెట్టడం మొదలుపెట్టాను. కూరగాయలు రాత్రి సీరియల్ టైంలో అత్తయ్యగారూ నేనూ కలిసి తరుక్కుంటాం. మా ఆయన మొదట్లో పాలు పొంగించేవారు, ఇప్పుడు ఇడ్లీ పాత్ర పెట్టి, చట్నీ కూడా చేసేస్తున్నారు, ఆవాలు కాస్త మాడతాయి కానీ తినొచ్చు. అంతెందుకు, కిందటి వేసవిలో నేను బద్ధకించిన ఒక రోజు అత్తయ్యగారే గది తలుపు తట్టి, "మీ పిన్నిగారు గేటు తీసింది, లేవలేదేం?" అన్నారు. ఆ రోజు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కాబట్టి మీరు షూస్ కొనే ముందు ఇంట్లో ఈ మాట తేల్చుకోండి. మగవాళ్ళు ఇది చదువుతుంటే, మీ ఇంట్లో ఆవిడ నడవాలని మీకు నిజంగా ఉంటే, "వాకింగ్ చెయ్యొచ్చుగా" అని సలహా ఇవ్వకండి, ఆ గంట స్టవ్ దగ్గర మీరు నిలబడండి.

మా దారి గురించి చెప్పకుండా ఉండలేను. ఇంటి నుంచి పుష్కర్ ఘాట్, అక్కడి నుంచి గట్టు వెంట కోటిలింగాల రేవు వైపు, మళ్ళీ వెనక్కి. కార్తీకంలో మొదలుపెట్టడం నా అదృష్టం. ఆ చీకట్లో ఘాట్ నిండా జనం, తడి చీరలతో ఆడవాళ్ళు, అరటి దొప్పల్లో దీపాలు. నీళ్ళ మీద అవి మెల్లగా కదులుతూ, ఒకదానికొకటి తగిలి, విడిపోయి వెళ్తుంటే పిన్నిగారు నడక ఆపేసి చూసేవారు. ధనుర్మాసంలో ప్రతి వాకిట్లో ముగ్గులు వేస్తూ ఉంటారు, పలకరింపులతోనే వీధి దాటుతాం. జనవరిలో మంచు పడితే హేవలాక్ బ్రిడ్జి, ఆర్చ్ బ్రిడ్జి రెండూ కనిపించవు, రైలు వెళ్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తుంది. 2022 జులై వరదప్పుడు నేనింకా నడక మొదలుపెట్టలేదు, ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి ఇంకా పైకి పోయింది, ఊరంతా గట్టు మీదే ఉంది. ఇప్పుడు ప్రతి ఏడూ వరద రోజుల్లో మేం ఘాట్ మెట్లు ఎన్ని మునిగాయో లెక్కపెట్టుకుంటూ దూరం నుంచే నడుస్తాం. ఏడాది మొత్తం ఒకే నదిని రోజూ చూడటం అంటే ఏమిటో, ఈ ఊళ్ళో పుట్టి పెరిగి కూడా నాకు 42 ఏళ్ళ దాకా తెలియలేదు.

నా కంటే పిన్నిగారి నడక నిదానం. మొదట్లో ఇదొక సమస్య అవుతుందేమో అనుకున్నాను, ఎందుకంటే నా డాక్టరు కాస్త వేగంగా నడవాలన్నారు. వేగం అంటే ఎంత అని అడిగితే ఆయన మంచి కొలత చెప్పారు. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు, అంత వేగం. అందుకని మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మొదటి పాతిక నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరం కలిసి. తర్వాత ఆవిడ ఘాట్ దగ్గర బెంచీ మీద కూర్చుని జపం చేసుకుంటారు, నేను 20 నిమిషాలు గబగబా ఒక చుట్టు తిరిగొస్తాను. వారానికి ఆరు రోజులు అలా పోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన లెక్క, వారానికి 150 నుంచి 300 నిమిషాలు, దాదాపుగా పూర్తయిపోతుంది. అంటే రోజుకి గంటలు గంటలు అక్కర్లేదు. అది తెలిసినప్పుడు నాకు చాలా తేలికనిపించింది.

అలవాటు గురించి ఇంకొక సంగతి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అంటూ ఉంటారు కదా. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. కొత్త పని ఆలోచించకుండా చేసేయడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట, అదీ కొందరికి 18, కొందరికి 254 రోజులు కావాల్సి వచ్చేలా ఉంది. నాకు అందులో నచ్చింది ఈ అంకెలు కాదు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు అన్న మాట. నా వాచీ సున్నా చూపించిన రోజున ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఏడాది ముందే మొదలుపెట్టేదాన్నేమో. నా 34 రోజులు ఎక్కడికీ పోలేదు, అంకె మాత్రమే పోయింది.

ఒక రోజు తప్పితే ఫరవాలేదు కానీ వరసగా రెండు రోజులు దాటనివ్వను. దీనికి షుగర్ వైపు నుంచి కూడా కారణం ఉంది. నడుస్తున్నప్పుడు కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయం లేకుండా కూడా లోపలికి లాక్కుంటాయి. నడక ఆపేశాక కూడా ఆ ప్రభావం కొంత ఉంటుంది, ఒకటి రెండు రోజుల పాటు ఒళ్ళు ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. తర్వాత మామూలే. అందుకే ఆదివారం ఒక్కరోజు పది కిలోమీటర్లు నడిచి మిగతా వారమంతా కూర్చుంటే నాలాంటి వాళ్ళకి లాభం తక్కువ. రాత్రి భోజనం అయ్యాక ఓ పది పదిహేను నిమిషాలు డాబా మీద తిరగడం కూడా అప్పటి నుంచే అలవాటు చేసుకున్నాను, తిన్న తర్వాత పెరిగే షుగర్ దానితో తగ్గుతుంది.

మరి ఏం ఒరిగింది అంటారా. ఆరు నెలలకి 6.2 కాస్తా 5.8 అయింది. ఏడాదిన్నరకి 5.6. బరువు మాత్రం 71 నుంచి 68న్నరకి వచ్చి అక్కడే ఆగిపోయింది, మూడేళ్ళలో రెండున్నర కిలోలు. చాలామంది బరువు తగ్గట్లేదని మానేస్తారు, అది చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. నా బరువుకి 45 నిమిషాల నడకలో ఖర్చయ్యేది దాదాపు 200 కాలరీలు. నడక అయ్యాక దారిలో రెండు మైసూర్ బజ్జీలు తింటే ఆ లెక్క అక్కడికక్కడే సరి. ఎండాకాలం సాయంత్రం మా ఊరి రోజ్ మిల్క్ ఒక గ్లాసు తాగితే ఇంకా సరి, నేను తాగుతాను, నెలకి ఒకటి రెండుసార్లు, మానలేను. బరువు వంటింట్లో తగ్గాలి. నడక ఇచ్చేవి వేరే ఉన్నాయి.

నిద్ర ఇచ్చింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి లోన్ ఫైళ్ళ గురించి ఆలోచిస్తూ పడుకునేదాన్ని, అది పోయింది. ఆడిట్ టెన్షన్ పోలేదు, ఆడిట్ ఉన్నంతకాలం అది ఉంటుంది, కానీ ఆ టెన్షన్‌ని పొద్దున్నే పిన్నిగారికి చెప్పేసి, గట్టు మీద వదిలేసి వస్తాను. నెలసరి క్రమం తప్పుతున్న వయసు నాది, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, ఊరికే కోపం. అవి పూర్తిగా తగ్గాయని చెప్పను. కోపం వచ్చినా పిల్లల మీద అరవకుండా ఒక నిమిషం ఆగగలుగుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, "అమ్మా, నువ్వు నడిచొచ్చిన రోజు మంచిదానివి" అంది. ఇంకే సర్టిఫికెట్ కావాలి?

ఒకసారి ఎక్కడో చదివాను. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. ఒకే బస్సు, ఒకే రకం మనుషులు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువ. అది చదివినప్పుడు మా బ్రాంచి కళ్ళ ముందు కనిపించింది. మా అటెండరుగారు పైన రికార్డ్ రూముకి రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో లెక్క లేదు, నేను బెల్లు కొట్టి ఫైలు తెప్పించుకుని కూర్చుంటాను. ఆ మర్నాటి నుంచి నా ఫైళ్ళు నేనే తెచ్చుకుంటున్నాను. ఆయనకి కాస్త శ్రమ తగ్గింది, నాకు కాస్త పెరిగింది.

నడక ఒక్కటే చాలదు అన్నది నాకు ఆలస్యంగా తెలిసింది. ముప్ఫై దాటాక కండ మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది, ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయే వయసులో ఎముక బలం కూడా వేగంగా పోతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బరువు పని పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. జిమ్‌కి మళ్ళీ వెళ్ళలేదు. మంగళ, శుక్రవారాల్లో ఇంట్లోనే కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని లేవడం, 12 చొప్పున మూడుసార్లు. గోడకి చేతులు ఆనించి ముందుకీ వెనక్కీ. 5 కిలోల బియ్యం సంచి రెండు చేతులతో పట్టుకుని ఎత్తి దించడం. అంతే, 15 నిమిషాలు. కిందటేడు ఆవకాయ పెట్టినప్పుడు నిండు జాడీని నేనొక్కదాన్నే ఎత్తి అటక కింద గూట్లో పెట్టాను. అంతకుముందు ఏడు అదే జాడీని జరపబోతే నడుం పట్టేసి మూడు రోజులు వంగలేకపోయాను.

ఇంకొకటి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో తిరుమల కాలినడకన వస్తానని మొక్కుకున్నాను. 19 ఏళ్ళు ఆ మొక్కు అలా ఉండిపోయింది. ప్రతిసారీ మా ఆయన, పిల్లలు అలిపిరి నుంచి నడిస్తే నేను అత్తయ్యగారితో బస్సులో వెళ్ళేదాన్ని. 2024 ఫిబ్రవరిలో నడిచాను. అందుకోసం డిసెంబరు నుంచే పుష్కర్ ఘాట్ మెట్లు, పొడిగా ఉన్న చోట చూసుకుని, పది, పదిహేను, ఇరవైసార్లు ఎక్కి దిగాను. పిన్నిగారు బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టేవారు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి, "అమ్మాయ్, ఇంకొక్కటి చేసెయ్యి, నష్టం లేదు" అనేవారు. బయల్దేరే ముందు రోజు 11 రూపాయలు పసుపు గుడ్డలో ముడుపు కట్టి నా చేతిలో పెట్టారు, "నా కాళ్ళు రావు, నా ముడుపైనా నీతో నడుస్తుంది" అని.

అలిపిరి దారిలో 3550 మెట్లు. మొదట గాలి గోపురం దాకా నిట్టనిలువుగా ఉంటుంది, అక్కడే సగం మంది ప్రాణం పోతుంది. నా ముందు ఒక ముసలావిడ ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన మనవరాలు కర్పూరం వెలిగిస్తుంటే, మెట్టు మెట్టుకీ లేస్తూ వంగుతూ వెళ్తోంది. ఆవిడ వేగం నాకంటే తక్కువే, కానీ ఒక్కసారి కూడా కూర్చోవడం చూడలేదు. గాలి గోపురం దాటాక దారి కాస్త చదును, జింకల పార్కు దగ్గర మా అబ్బాయి నన్ను దాటి వెళ్ళిపోయాడు. చివర్లో మోకాళ్ళ పర్వతం. అక్కడ కాళ్ళు వణికాయి, రెయిలింగ్ పట్టుకున్నాను, ఆగలేదు. నాలుగున్నర గంటలు పట్టింది. ముడుపు హుండీలో వేస్తున్నప్పుడు ఆ పసుపు గుడ్డ నా చెమటకి తడిసి ముద్దయి ఉంది. దిగేటప్పుడు బస్సులోనే దిగాం, దిగడంలోనే మోకాళ్ళ మీద ఎక్కువ భారం పడుతుంది.

అడ్డంకులు వస్తూనే ఉంటాయి. వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన వదలకపోతే వరండాలో ఎనిమిది ఆకారంలో తిరుగుతాం, ఆవిడ వాళ్ళ వరండాలో, నేను మా వరండాలో. సంక్రాంతికి ఆడపడుచులు వస్తే రెండు రోజులు తప్పుతుంది, మూడో రోజు వాళ్ళనీ లాక్కెళ్తాను. జ్వరం వస్తే పడుకుంటాను, నిస్సంకోచంగా. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఉక్క గురించి చెప్పక్కర్లేదు, అప్పుడు ఐదింటికే బయల్దేరి ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి, సూర్యుడు గట్టెక్కాక నడవడం మంచిది కాదు.

ఈ ఏడు జూన్‌లో పిన్నిగారు వాళ్ళమ్మాయి కానుపుకి బెంగళూరు వెళ్ళారు. మూడు నెలలు. ఆవిడని రైలెక్కించి వస్తుంటే నాకు అసలు దిగులు ఆవిడ వెళ్ళినందుకు కాదు, రేపు నేను లేస్తానా లేదా అని. మర్నాడు మెలకువ అయితే వచ్చింది. మంచం మీద కూర్చుని ఎదురింటి వైపు చూశాను, గేటుకి తాళం. అలాగే కూర్చుండిపోయేదాన్నేమో, సరిగ్గా ఐదుంపావుకి ఫోన్ మోగింది. "బయల్దేరావా అమ్మాయ్? నేను కింద సెల్లార్‌లో తిరుగుతున్నా. ఇక్కడ కుక్కలు లేవు కానీ కార్లున్నాయి" అన్నారు. చెవిలో ఆవిడ, పక్కన గోదారి. పాతిక నిమిషాలు అలా మాట్లాడుకుంటూ నడిచాం, తర్వాత ఆవిడ జపానికి, నేను నా స్పీడు నడకకి. ఈ మూడు నెలలూ దాదాపు అలాగే గడిచాయి. మనవరాలు పుట్టింది, మూడు కిలోల వంద గ్రాములు, ఆ కబురు కూడా నాకు గట్టు మీదే తెలిసింది.

గురువారం వచ్చేస్తున్నారు. వానలకి వాళ్ళ గేటు గడియ బిగుసుకుపోయింది, నిన్న సాయంత్రం నీళ్ళు పోద్దామని మొక్కల దగ్గరికెళ్ళి చూస్తే అసలు కదలట్లేదు. కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేసి, అటూ ఇటూ లాగి వచ్చాను. ఇప్పుడు బాగానే పడుతోంది. మా అమ్మాయి అడిగింది, గురువారం నుంచి తను కూడా రావచ్చా అని. షూస్ ఉతికి డాబా మీద ఆరేసింది.